శాస్త్రజ్ఞుని మాట - పౌరుని ప్రశ్న

విజ్ఞానశాస్త్రమునకు ఒక నోటుపుస్తకము, పౌరశాస్త్రమునకు మరియొక నోటుపుస్తకము ఉంచుకొనుట మన విద్యార్థులకు చిన్ననాటి నుండియు అలవాటు. మొదటిదానిలో ఆమ్లములు, క్షారములు, గురుత్వాకర్షణము. రెండవదానిలో శాసనసభ, ఓటు హక్కు, ప్రాథమిక విధులు. ఒక పుస్తకములోని మాట రెండవ పుస్తకములోనికి తొంగి చూచుట అరుదు. పరీక్షల సౌకర్యమునకు ఈ విభజన మంచిదే. కాని లోకము ఇట్లు రెండు పుస్తకములుగా కుట్టబడి లేదు. మనము త్రాగు నీటిలో ఏమి కలిసినది? ఊరి ప్రక్కన ఏ కర్మాగారము వచ్చుచున్నది? పొలములో ఏ విత్తనము నాటవలెను? తుఫాను వచ్చునని చెప్పినపుడు ఇల్లు విడిచి పోవలెనా, వలదా? ఈ ప్రశ్నలలో ఏది విజ్ఞానశాస్త్రము, ఏది పౌరశాస్త్రము? రెండును పాలును నీరునువలె కలిసియే ఉన్నవి.

పదవ తరగతి ముగియగానే తల్లిదండ్రులు మమ్ము తప్పక అడుగు మాట ఒకటి కలదు. "మాష్టారూ, మా అబ్బాయిని సైన్సులో చేర్పించమంటారా, ఆర్ట్సులో చేర్పించమంటారా?" అడుగుటలో దోషము లేదు. కాని ఆ ప్రశ్న వెనుక ఒక నమ్మకము దాగియున్నది. సైన్సు చదివినవాడు చెప్పవలసినవాడు, తక్కినవారు వినవలసినవారు అనునదే ఆ నమ్మకము. ఈ నమ్మకము పిల్లలలో నాటుకొనినచో కొందరు చిన్ననాటనే అధికారము చెలాయింప నేర్తురు. అధిక సంఖ్యాకులు నోరు మూసికొన నేర్తురు. రెండును ప్రజాస్వామ్యమునకు మేలు చేయవు.

"పెద్దల మాట చద్దిమూట" అని మన సామెత. శాస్త్రజ్ఞుల మాటయు అట్టిదే. దానిని పారవేసికొన్నవాడు ఆకలికి మాడును. అయినను, ఎంత ఆప్తులు కట్టియిచ్చిన మూటనైనను విప్పి చూచియే భుజింతుము గదా! విప్పి చూచుట కట్టినవారిని అవమానించుట కాదు. శాస్త్రజ్ఞుని గౌరవించుట వేరు, ప్రశ్నింపకుండుట వేరు అనునదే ఈ వ్యాసమున మేము చెప్పదలచిన విషయము. ఈ ప్రశ్నకే తన విద్యాజీవితమునంతయు అర్పించిన ఒక భారత సంతతి విదుషీమణి చరిత్రము మన బాలబాలికలకు తెలియుట అవసరమని తలంచి దానిని ఇచ్చట కొంత వివరించుచున్నాము.

ఆమె పేరు షీలా జాసనాఫ్. 1944లో కలకత్తా నగరమున జన్మించిరి. చిన్నతనముననే కుటుంబముతో అమెరికాకు వెళ్లిరి. అచ్చట గణితశాస్త్రము చదివి 1964లో పట్టము పొందిరి. పిమ్మట జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము చదివి 1966లో ఎం.ఏ. పట్టమును, హార్వర్డు విశ్వవిద్యాలయమున అదే శాస్త్రములో 1973లో డాక్టరేటును గడించిరి. అంతటితో ఆగక న్యాయశాస్త్రము చదివి 1976లో ఆ పట్టమును కూడ పొంది, బోస్టను నగరమున పరిసరాల రక్షణకు సంబంధించిన వ్యాజ్యములలో రెండేండ్లు న్యాయవాదిగా పనిచేసిరి. 1978లో కార్నెల్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, శాస్త్రమునకును సమాజమునకును గల సంబంధమును పరిశీలించు ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పి దానికి ప్రథమాధ్యక్షురాలైరి. 1998 నుండి హార్వర్డులో ఆచార్యపదవిని నిర్వహించిరి. 2022లో నార్వే దేశము వారి హోల్బెర్గ్ బహుమానము ఆమెను వరించినది. సాహిత్య, సామాజిక, న్యాయ శాస్త్రములలో విశిష్ట కృషి చేసినవారికి ఇచ్చు గొప్ప బహుమానమది.

గణితము, భాష, న్యాయము - ఈ మూడింటిని మన ఇండ్లలో మూడు వేర్వేరు మార్గములనియే భావింతురు. ఆమె మార్గము మాత్రము ఒక్కటియే. గణితము వలన అంకెలను చదువు నేర్పు, భాషాశాస్త్రము వలన మాటలను పట్టి చూచు నేర్పు, న్యాయశాస్త్రము వలన సాక్ష్యమును తూచు నేర్పు కలుగును. ప్రభుత్వము శాస్త్రజ్ఞుల సలహాను ఎట్లు స్వీకరించుచున్నది, న్యాయస్థానములు శాస్త్ర సాక్ష్యమును ఎట్లు నమ్ముచున్నవి అను ప్రశ్నలను పరిశీలించుటకు ఈ మూడు నేర్పులును కావలసియే వచ్చినవి.

1990లో ఆమె రచించిన "ఐదవ శాఖ" అను గ్రంథము ప్రసిద్ధమైనది. ప్రభుత్వమునకు శాసనసభ, కార్యనిర్వాహకవర్గము, న్యాయస్థానము అను మూడు శాఖలు కలవని మనము పౌరశాస్త్రములో చదువుకొందుము. అమెరికాలో నియమములు చేసి అమలు జరుపు ప్రభుత్వ సంస్థలను నాల్గవ శాఖ అని పిలుచుట కలదు. ఆ సంస్థలకు సలహాలిచ్చు శాస్త్రజ్ఞుల సంఘములు ఐదవ శాఖ అని ఆమె చెప్పిరి. వీరిని ప్రజలు ఎన్నుకొనలేదు. వీరి పేర్లు కూడ సామాన్యులకు తెలియవు. అయినను ఏ మందు అమ్మవచ్చును, ఏ రసాయనము వాడవచ్చును, గాలిలో ఎంత పొగ ఉండవచ్చును అను విషయములలో వీరి మాటకు ఎంతో బలము కలదు. ఈ సంఘములు చేయు పని శుద్ధమైన శాస్త్రము మాత్రమే కాదనియు, అందు శాస్త్రమును నిర్ణయమును పెనవేసికొని ఉండుననియు ఆమె నిరూపించిరి. ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడు ఫలితము తేలువరకు పదేండ్లయినను వేచియుండగలడు. ప్రభుత్వమునకు సలహా ఇచ్చువానికి ఆ తీరిక లేదు. తెలిసినంతవరకు తెలిసినదానితోనే ఒక గీత గీయవలసియుండును. ఆ గీత ఎచ్చట గీయవలెను అను ప్రశ్నలో పౌరునికిని పాలు కలదు.

ఇది కఠినముగా తోచినచో మన కుండలోని నీటినే ఉదాహరణముగా తీసికొందము. నల్లగొండ ప్రాంతమున నీటిలోని ఫ్లోరైడు వలన ఎందరి ఎముకలు వంగిపోయినవో తెలుగువారందరికి తెలిసిన విషయమే. త్రాగునీటికి మన దేశమున నిర్ణయించిన ప్రమాణములలో ఫ్లోరైడునకు రెండు అంకెలు కలవు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రామువరకు అంగీకరింపదగినది. వేరు నీటివసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు అనుమతింపదగినది. విద్యార్థులారా, ఈ రెండవ అంకెను ఒకసారి పరికింపుడు. వేరు నీరు లేనివాని ఎముక ఎక్కువ గట్టిదా? కాదు. నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో కొలుచుట రసాయనశాస్త్రము. ఇంతకన్న మంచి నీరు తెచ్చుటకు మార్గము లేనిచోట ఇంతవరకు ఓర్చుకొనుడని చెప్పుట శాస్త్రము మాత్రమే కాదు. అది ఒక పరిపాలనా నిర్ణయము. మంచినీటి గొట్టములు వేయుటకు ధనము వెచ్చింపవలెనా, వలదా అను ప్రశ్న ఆ చిన్న అంకెలో ఇమిడియున్నది. కొలతను కొలిచినవాని వద్ద నేర్చుకొందము. నిర్ణయమును గూర్చి మాత్రము మనమును మాటాడవలెను.

2005లో వెలువడిన మరియొక గ్రంథములో ఆమె అమెరికా, బ్రిటను, జర్మనీ దేశములను పోల్చి చూచిరి. మూడును సంపన్న దేశములే, మూడును ప్రజాస్వామ్యములే, మూడింట చదువబడు జీవశాస్త్రము ఒక్కటియే. అయినను జన్యుమార్పిడి పంటల విషయమున ఆ దేశములు ఒక్కవిధముగా నడువలేదు. ఏలయన, ఏ మాటను నమ్మదగినదిగా ఎంచవలెను అనుదానికి ప్రతి సమాజమునకు తనదైన ఒక పద్ధతి కలదని ఆమె సిద్ధాంతము. అమెరికా వారికి అంకెలపైనను, వాదప్రతివాదములపైనను గురి. బ్రిటను వారికి అనుభవజ్ఞులైన పెద్దమనుష్యుల మాటపై గురి. జర్మనీ వారికి వివిధ పక్షముల ప్రతినిధులు కూర్చుండి ఏకాభిప్రాయమునకు వచ్చు సంఘములపై గురి. ఒక దేశపు పద్ధతి శాస్త్రీయము, మరియొక దేశపు పద్ధతి మూఢము అని త్రోసివేయరాదని ఆమె చెప్పు నీతి.

పెద్దమనుష్యుల మాటపై గురి ఎంతవరకు నిలుచునో బ్రిటను చరిత్రమే చూపినది. 1986లో ఆ దేశపు ఆవులలో మెదడును తొలిచివేయు ఒక క్రొత్త రోగము బయటపడినది. లోకులు దానికి పిచ్చి ఆవు రోగమని పేరు పెట్టిరి. ఆ మాంసము తిన్నవారికి ప్రమాదమేమియు లేదని ప్రభుత్వము పలుమారులు ధైర్యము చెప్పెను. 1990 మే నెలలో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ తన నాలుగేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని, పత్రికలవారు ఫొటోలు తీయుచుండగా గోమాంసపు రొట్టెను ఆమెకు అందించెను. చూచినవారు ఏమనుకొందురు? తండ్రియే బిడ్డకు పెట్టుచున్నాడు, ఇక భయమేల అనుకొందురు. ఆరేండ్లు గడచినవి. 1996 మార్చి 20వ తేదీన అదే ప్రభుత్వము పార్లమెంటులో లేచి, మనుష్యులలో కనిపించుచున్న ఒక ప్రాణాంతక వ్యాధికి ఆ మాంసమే కారణము కావచ్చునని ప్రకటింపవలసి వచ్చెను. ఆ దేశములో 170 మందికి పైగా ఆ వ్యాధితో మరణించిరి. ప్రజలను ఊరడించుటయే ధ్యేయముగా సాగిన ప్రచారము పొరపాటని 2000లో వెలువడిన విచారణ నివేదిక తేల్చినది.

ఈ ఉదంతమును జాసనాఫ్ గారు 1997లో ఒక వ్యాసమున పరిశీలించిరి. ఈ సందర్భమున మరియొక పండితుని కూడ స్మరింపవలెను. జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై 2019లో దివంగతుడైన యారొన్ ఎజ్రాహీ అను రాజనీతి సిద్ధాంతవేత్త 1990లోనే ఈ విషయమును గూర్చి ఒక గొప్ప గ్రంథము వ్రాసెను. శాస్త్రజ్ఞుడు తన ప్రయోగమును పదుగురి యెదుట చేసి చూపును. అట్లే ప్రజాస్వామ్య ప్రభుత్వము తన పనులను ప్రజలు చూచి పరీక్షించు రీతిని నడువవలెనను భావము శాస్త్రయుగములో ప్రబలమైనదని ఆతని విచారము. ఈ ఇరువురి రచనలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక భేదము స్పష్టమగును. పరీక్షకు నిలుచుట వేరు, ప్రదర్శన చేయుట వేరు. మంత్రి గారు బిడ్డకు రొట్టె అందించుట ప్రదర్శనము. అది ఏ ప్రశ్నకును సమాధానము కాదు. "ఏ పశువులను పరీక్షించితిరి? ఎన్నేండ్లు చూచితిరి? తెలియనిది ఇంకను ఎంత కలదు?" అని అడిగినపుడు చెప్పగలుగుటయే పరీక్షకు నిలుచుట.

మన దేశమున 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలు నగరమున జరిగిన ఘోరమును చెప్పక తప్పదు. యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల కర్మాగారము నుండి వెలువడిన విషవాయువు నిద్రించుచున్న పేదల బస్తీలను క్రమ్మినది. వేలకొలది జనులు మరణించిరి. లక్షలకొలది జనులు రోగపీడితులైరి. కర్మాగారపు గోడకు ఈవల నివసించువారికి ఆవల ఏ విషము నిల్వయున్నదో తెలియదు. వాయువు వెలువడినపుడు పరుగిడవలెనా, ఇంటనే ఉండవలెనా తెలియదు. తడిగుడ్డ ముఖమునకు కప్పుకొనినచో కొందరైనను బ్రతికియుందురని తరువాత పలువురు వ్రాసిరి. అంత చిన్న విషయమైనను ముందుగా చెప్పినవారు లేరు. జాసనాఫ్ గారు ఈ విపత్తును గూర్చి పలువురి వ్యాసములను కూర్చి 1994లో ఒక గ్రంథమును ప్రకటించిరి. అంత దూరమున ఉన్న అమెరికాయే ఈ దుర్ఘటన తరువాత 1986లో ఒక చట్టము చేసి, తమ ప్రక్కన ఏ రసాయనములు నిల్వయున్నవో తెలిసికొను హక్కును ప్రజలకు ఇచ్చినది. తెలిసినవారు కొందరు, భరించువారు వేరొకరు అయినపుడు ఎంత హాని కలుగునో భోపాలు చెప్పినంత స్పష్టముగా మరి ఏ పుస్తకమును చెప్పజాలదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. "ప్రతివాడును శాస్త్రజ్ఞుని ప్రశ్నింప మొదలిడినచో వైద్యుని మందు ఎవడు మ్రింగును? తుఫాను హెచ్చరికను ఎవడు లక్ష్యపెట్టును?" అని పెద్దలు అడుగవచ్చును. ఇది తీసివేయదగిన ఆక్షేపణ కాదు. తెలియనివాని ఊహయు, తెలిసినవాని పరిశీలనయు సమానమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పినచో మంత్రగాని తాయెత్తును, టీకామందును ఒక్క త్రాసులో వేసినట్లగును. ప్రశ్న యన్నది సమాధానమును వినుటకు అడుగబడునది. వినకుండుటకు వెదకు సాకు ప్రశ్న కాదు.

మన గంజాము తీరమే ఇందుకు సాక్ష్యము. 1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశా తీరమును తాకిన పెనుతుఫానులో పదివేలకు చేరువగా జనులు మరణించిరి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపురము వద్దనే తీరము దాటినది. అదియు ప్రచండమైనదే. కాని ఈ పర్యాయము సుమారు పది లక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలములకు చేర్చిరి. మృతులు 50 మందికి లోపే. నడుమ పదునాలుగేండ్లలో సముద్రము మెత్తబడలేదు. వాతావరణశాస్త్రజ్ఞుల అంచనా మెరుగైనది. తీరమున ఆశ్రయగృహములు వెలసినవి. విపత్తుల నెదుర్కొనుటకు రాష్ట్రమున ప్రత్యేక సంస్థ ఏర్పడినది. అన్నిటికి మించి, చెప్పిన మాటను జనులు నమ్మిరి. ఆ నమ్మకము ఆజ్ఞాపించినందున కలుగలేదు. 1999లో ఏమి లోపించినదని ప్రశ్నించుకొని, ఆ లోపములను సవరించుకొనినందున కలిగినది. ప్రశ్న నమ్మకమునకు శత్రువు కాదు, తల్లి.

2003లో ప్రకటించిన ఒక వ్యాసమున జాసనాఫ్ గారు శాస్త్రజ్ఞులకును పాలకులకును వినయమను గుణమును ఉపదేశించిరి. లెక్కింపగలిగిన దానినే చూచి, లెక్కకందని దానిని మరచుట తగదని దాని భావము. ఆ వినయమునకు నాలుగు విచారణలను ఆమె సూచించిరి. వానిని మా మాటలలో విద్యార్థుల కొరకు వ్రాయుచున్నాము. సమస్యను ఏ రూపమున చూచుచున్నాము? హాని వచ్చినపుడు ముందుగా దెబ్బతినువారెవరు? లాభము ఎవరికి, నష్టము ఎవరికి? గడచిన అనుభవము నుండి ఏమి నేర్చుకొంటిమి? ఫైలిన్ తుఫానునకే ఈ నాలుగింటిని అన్వయించి చూడుడు. సమస్య గాలివేగము మాత్రమేనా, మట్టిగోడలును తాటాకు కప్పులును కూడనా? మన తీరమున తరతరములుగా తెలుగు మాటాడు జాలరి కుటుంబములు ఆశ్రయగృహములో ప్రాణము దక్కించుకొని, తిరిగి వచ్చి చూచునప్పటికి పడవలు, వలలు ఏమైనవి? హెచ్చరిక వారికి తెలిసిన భాషలో, తెలిసిన మాటలలో వినిపించినదా? ఇవి అడుగుటకు వాతావరణశాస్త్రములో పట్టము అవసరము లేదు; తోటివాని కష్టమును చూడగల కన్ను చాలును.

ప్రజలను అడిగి నిర్ణయించుట సాధ్యమా అని సందేహించువారికి వంకాయ కథ చెప్పుదుము. పురుగును తట్టుకొనునట్లు జన్యుమార్పిడి చేసిన వంగ విత్తనమునకు 2009 అక్టోబరులో కేంద్రప్రభుత్వపు నిపుణుల సంఘము ఆమోదము తెలిపినది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ గారు వెంటనే సంతకము చేయక, 2010 జనవరి, ఫిబ్రవరి మాసములలో ఏడు నగరములలో బహిరంగ సభలు జరిపించిరి. మన భువనేశ్వరమును, హైదరాబాదును, బెంగళూరును వానిలో ఉన్నవి. సుమారు 8,000 మంది పాల్గొనిరి. రైతులు, శాస్త్రజ్ఞులు, వైద్యులు, వినియోగదారులు అందరును మాటాడిరి. ఫిబ్రవరి 9వ తేదీన, ఇంకను స్వతంత్రమైన పరీక్షలు కావలెనని చెప్పి మంత్రి ఆ విత్తనమును నిలిపివేసిరి. మన పొరుగుననున్న బంగ్లాదేశము అట్టి విత్తనమునే 2013లో అనుమతించినది. ఎవరిది సరియైన నిర్ణయమనుటలో నేటికిని విద్వాంసులలో భేదాభిప్రాయములు కలవు. మేము ఆ తీర్పు చెప్పబూనుట లేదు. ఆ సభలలో కొన్ని అరుపులు, కేకలు, అతిశయోక్తులు కూడ వినిపించినవి. అయినను వంకాయ తినువాడును, పండించువాడును తన తిండిని గూర్చి మాటాడుటకు నిలుచుండిన సభలు మన ప్రజాస్వామ్యమునకు శోభనిచ్చునవే.

ఇట్టి అవకాశము మన ఊరి వాకిటికే రాగలదు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి, పెద్ద గనులకు, కర్మాగారములకు అనుమతి నిచ్చుటకు ముందు సాధారణముగా ఆ ప్రాంతమున బహిరంగ విచారణ జరుపవలెను. కనీసము 30 దినములు ముందుగా తెలియజేయవలెను. ఆ పరిశ్రమ వలన గాలికి, నీటికి, నేలకు ఏమి కలుగునో తెలుపు నివేదిక సంగ్రహమును ఇంగ్లీషులోను, రాష్ట్రపు అధికారభాషలో లేక స్థానిక భాషలోను అందుబాటులో ఉంచవలెను. ఇక మన సంగతి ఆలోచింపుడు. మన ఇండ్లలోని పెద్దలు అనేకులకు తెలుగు తప్ప వేరు లిపి రాదు. ఒడియా మాటాడగలరు, చదువలేరు. ఆ నివేదిక వారి చేతికి వచ్చినను మూసిన పెట్టెయే. దానిని తెరువగలవారెవరు? మన పాఠశాలలో తెలుగుతో పాటు ఒడియాను, ఇంగ్లీషును, అంకెలను నేర్చుకొనుచున్న మీరే. విద్యార్థి తాతగారి ప్రక్కన కూర్చుండి ఆ కాగితమును చదివి, "తాతయ్యా, మన చెరువులోకి ఇంత నీళ్లు వదులుతారట, దీనికి ఏమంటావు?" అని తెలుగులో చెప్పగలిగిననాడు ఆ ముసలివాడు సభలో ఒక పౌరుడగును. లేనిచో వెనుక వరుసలో కూర్చుండు ఒక తల మాత్రమే.

ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఈ రాష్ట్రమున బోధించుచున్న మాకు ఒక విషయము స్పష్టముగా తోచుచున్నది. భాష బోధించువాడు పద్యము, వ్యాకరణము నేర్పి ఊరకుండరాదు. మాటలో దాగియున్న నిర్ణయమును పసిగట్టు నేర్పును కూడ అలవరుపవలెను. "సురక్షితము", "స్వల్పము", "అనివార్యము", "అభివృద్ధి" - ఇవి చూచుటకు సామాన్య పదములు. ఎవరికి సురక్షితము? దేనితో పోల్చిన స్వల్పము? ఈ విధముగా ప్రతి పదమునకు ఒక ప్రశ్న తగిలించి చూచుట మంచి వ్యాకరణ పాఠమే. జాసనాఫ్ గారు న్యాయశాస్త్రమునకు పూర్వము భాషాశాస్త్రము చదివియుండుట వృథా పోలేదని మా నమ్మకము.

కావున మా సూచనలు రెండు. మొదటిది, ఏటేట జరుపు విజ్ఞాన ప్రదర్శనములో ప్రతి నమూనా ప్రక్కను ఈ నాలుగు విచారణలకు సమాధానములు విద్యార్థులే తెలుగులో వ్రాసి అంటింపవలెను. ఆనకట్ట నమూనా చేసిన బాలుడు మునిగిపోవు ఊరిని కూడ చూపవలెను. రెండవది, మన ఊరి బావుల, గొట్టపుబావుల నీటిని పరీక్షించిన ఫలితములను సంపాదించి, పౌరశాస్త్ర తరగతిలో చర్చింపవలెను. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడును, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడును ఆనాడు ఒకే తరగతిలో నిలువవలెను. దీనికి ధనము అక్కరలేదు, ఇష్టము చాలును.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ సైన్సు చదువనిండు, ఆర్ట్సు చదువనిండు. ఏది చదివినను, తెలియని విషయమును సిగ్గుపడక అడుగునట్లును, తెలిసిన విషయమును గర్వపడక చెప్పునట్లును పెంచుడు. ఇంట "ఎందుకు?" అని అడిగిన బిడ్డను కసరినచో, రేపు సభలో వాడు అడుగడు. శాస్త్రీయ దృష్టిని, విచారణ బుద్ధిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధియని మన రాజ్యాంగమున 1976లో చేర్చబడినది. ఆ విధి శాస్త్రజ్ఞులకు మాత్రమే విధింపబడలేదు. పడవ నడుపు జాలరికి, వడ్లు చల్లు రైతుకు, బడికి వచ్చు బాలికకు కూడ విధింపబడినది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ప్రయోగశాలలో కొలుతురు. కొందరు కార్యాలయములలో ఆ కొలతపై సంతకము చేయుదురు. అనేకులు ఆ సంతకము ఫలితమును అనుభవింతురు. కొలుచువారు వినయమును, సంతకము చేయువారు విచారణను, అనుభవించువారు ధైర్యమును మరువకుందురు గాక. విజ్ఞానశాస్త్రపు నోటుపుస్తకమును, పౌరశాస్త్రపు నోటుపుస్తకమును ఒక్క సంచిలోనే బడికి తెచ్చుచున్నారు. వానిని ఒక్క మనస్సులో కూడ ఉంచుకొనుడని మా ఆశీస్సు.